డయొనైసస్ కళాకారుల కాగితాలు చూడటానికి ఆన్ ఆర్బర్ వెళ్ళిన రోజు

ఈ ప్రయాణానికి కారణం మా నాటక బృందం నియమావళిలోని నాలుగో నిబంధన. మిషిగన్‌లోని ట్రాయ్‌లో మేం పద్దెనిమిది మందిమి కలిసి ఏటా రెండు తెలుగు నాటకాలు వేస్తాం. పగలంతా ఒక కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించడం నా ఉద్యోగం. రిహార్సల్స్ రోజుల్లో మాత్రం స్క్రిప్ట్ పట్టుకుని తెర పక్కన నిలబడతాను. నటులు మాట మరిచిపోతే అందించడం నా పని. తొమ్మిదేళ్ళుగా అదే చేస్తున్నాను. ఈ ఏడు బృందాన్ని చట్టప్రకారం రిజిస్టర్ చేయాలనుకున్నాం. మా అధ్యక్షుడు రాఘవరావు అంకుల్ నియమాలన్నీ చేత్తో రాసి, టైప్ చేయమని నాకిచ్చారు. నాలుగో నిబంధన ఇలా ఉంది: "వేదికపై పాత్ర ధరించినవారికి మాత్రమే ఓటు హక్కు కలదు." దాన్ని కూడా ఒక్క మాట అనకుండా టైప్ చేసి అందరికీ పంపించాను.

మర్నాడు సుభాషిణి ఆంటీ ఫోన్ చేసింది. మా దుస్తులన్నీ ఆవిడే కుడుతుంది. వాళ్ళ బేస్‌మెంట్‌లో రెండు కుట్టుమిషన్లు, గోడపొడవునా కిరీటాలు ఉంటాయి. "లావణ్యా, ఓటు లేని మీటింగ్‌కి నేనెందుకు చెప్పు? బట్టలు పంపిస్తాలే," అంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అలాంటి మనిషి ఇలా పక్కకి తప్పుకుంటే మళ్ళీ రాదు.

కళాకారుల సంఘాలు సభ్యులను ఎలా చేర్చుకుంటాయో చూద్దామని ఆ సాయంత్రం ఇంటర్నెట్‌లో వెతికాను. వెతుకుతూ వెతుకుతూ రోమన్ సామ్రాజ్యం దాకా వెళ్ళిపోయాను. గ్రీకు నటులు, గాయకులు, వాద్యకారులు రెండువేల ఏళ్ళ కిందటే నాటక దేవుడు డయొనైసస్ పేరున సంఘాలు పెట్టుకున్నారట. వాటికి అర్చకులు, అధ్యక్షులు, కార్యదర్శులు ఉండేవారు, సభ్యత్వ పత్రాలు కూడా ఉండేవి. ఆ కాలపు కాగితాల పెద్ద సేకరణ ఒకటి మాకు గంట దూరంలోనే, ఆన్ ఆర్బర్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉందని తెలిసింది. ముందుగా రాస్తే ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. ఈమెయిల్ పంపితే రెండు రోజుల్లో జవాబు వచ్చింది, శుక్రవారం ఉదయం పదిన్నరకు రమ్మని. ఆదివారం మా మీటింగ్.

అదే రోజు నియమావళిలో అచ్చుతప్పులు చెప్పడానికి రాఘవరావు అంకుల్ ఫోన్ చేశారు. నేను శుక్రవారం ఊళ్ళో ఉండనని, ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాను. "నటుల సంఘమా? రెండువేల ఏళ్ళ కిందటా? నన్ను కూడా ఎక్కించుకో అమ్మాయ్. నేను ఎనిమిదింటికి రెడీగా ఉంటా," అన్నారు. ఆయనకు డెబ్భై ఒకటి. తెనాలిలో పద్యనాటకాలు ఆడిన మనిషి, ఇక్కడ ముప్పై ఏళ్ళు కార్ల డిజైన్‌లో పనిచేసి రిటైరయ్యారు. నాలుగో నిబంధన రాసిన మనిషితో గంటసేపు ఒకే కార్‌లో కూర్చోవడం నాకిష్టమో కాదో తేల్చుకునేలోపే సరేనన్నాను.

శుక్రవారం ఎనిమిదింబావుకి బయల్దేరాం. ఐ-75 హైవే మీద దక్షిణానికి వెళ్ళి, 696 మీద పడమరకి తిరిగి, చివర్లో ఎం-14 పట్టుకుంటే ఆన్ ఆర్బర్. దూరం యాభై మైళ్ళ లోపే. ట్రాఫిక్ లేకపోతే యాభై ఐదు నిమిషాలు పడుతుంది, కానీ ఆ వేళ 696 మీద ట్రాఫిక్ తప్పదు కాబట్టి గంటన్నర పెట్టుకోండి. అంకుల్ దారి పొడవునా ఆయనే రాసుకున్న కొత్త నాటకం గురించి చెప్పారు. అందులో ఆయనది కోటను ఒంటరిగా కాపాడే ముసలి సేనాపతి వేషం. నాలుగో నిబంధన గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్యాంపస్ పక్కన పార్కింగ్ గ్యారేజ్‌లో కారు పెట్టాం. మధ్యాహ్నం దాకా ఉంచినందుకు ఏడు డాలర్లయింది. గ్రంథాలయంలో చూడటానికి మాత్రం పైసా తీసుకోరు.

చదివే గదిలోకి సంచులు, పెన్నులు, నీళ్ళ సీసాలు తీసుకెళ్ళనివ్వరు. అన్నీ లాకర్‌లో పెట్టి, ఐడీ చూపించి, వాళ్ళిచ్చిన పెన్సిళ్ళతో లోపలికి వెళ్ళాం. మార్గరెట్ అనే పెద్దావిడ మాకోసం ఎదురుచూస్తోంది. ఆవిడ ఇంగ్లిష్‌లో చెప్పినదాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ముందు ఒక పెద్ద ఫోటో పరిచింది. "ఇది ఐరోపాలో ఉన్న పత్రం ఫోటో. ఈజిప్టులో ఒక కళాకారుడి సభ్యత్వ పత్రం. అసలుది పపైరస్, అంటే నైలు ఒడ్డున పెరిగే తుంగతో చేసిన కాగితం," అంది. సంఘం పేరు చదివి అర్థం చెప్పింది. ఆ పేరే ఒక వాక్యమంత ఉంది: డయొనైసస్ చుట్టూ చేరిన కళాకారుల పవిత్రమైన, లోకమంతటా సంచరించే సంఘం. "సంచరించే" అన్నచోట అంకుల్ తల ఊపారు. "కరెక్ట్. నాటకమంటే ఊళ్ళు తిరగాలి," అని నాతో తెలుగులో అన్నారు.

పత్రం మొదట్లో ఆ కళాకారుడి పేరు లేదు. పైభాగమంతా చక్రవర్తుల ఉత్తరాల నకళ్ళు, ఒకరి తర్వాత ఒకరివి. ఈ సంఘం సభ్యులను సైన్యంలోకి లాగకూడదు, ఊరి ఖర్చు వీళ్ళ నెత్తిన రుద్దే పదవులు అంటగట్టకూడదు, వీళ్ళ ఇళ్ళలో సైనికులను బస పెట్టకూడదు, వీళ్ళను ప్రయాణంలో ఎవరూ ముట్టుకోకూడదు. ఇవన్నీ అయ్యాక, అడుగున, ఫలానా మనిషి సంఘంలో చేరాడు, రుసుము కట్టాడు అని నాలుగు ముక్కలు. దాని కింద సంఘం అధికారుల సంతకాలు, తలా ఒక చేతిరాతలో.

"ఇంత పొడుగెందుకు?" అని అడిగాను.

"ఏ ఊరి అధికారికి ఈ సంఘం గురించి తెలుస్తుందో, ఎవరికి తెలియదో చెప్పలేం కదా! అందుకని ఋజువులన్నీ ఒకేచోట పెట్టుకుని తిరిగేవాళ్ళు," అంది మార్గరెట్.

నాకు నవ్వొచ్చింది. ఇండియా వెళ్ళి వచ్చేటప్పుడల్లా నేను విమానంలో ఒడిలో పెట్టుకునే నీలం ఫోల్డర్‌లో హెచ్-1బీ వీసా అప్రూవల్ నోటీసులన్నీ పాతవాటితో సహా ఉంటాయి. ఎవరూ అడగకపోయినా అన్నీ ఉంటాయి. ఆ కళాకారుడు ఆ కాగితం చుట్ట చంకలో పెట్టుకుని రేవులో ఒక గుమాస్తా ముందు నిలబడటం నేను ఊహించుకోనక్కర్లేకపోయింది. నేను నిలబడిన వరసే అది.

తర్వాత ఆవిడ ఒక రాతి శాసనం ఫోటో చూపించింది. ఒక చక్రవర్తి కళాకారుల సంఘానికి రాసిన ఉత్తరాలు అవి. ఏ నగరంలో పోటీలు ఎప్పుడు జరగాలో, ఒకచోట ముగించుకున్న నటులు రెండోచోటికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసుకుని ఆయన వరస పెట్టాడట. "ఈ రాయి ఇప్పటి టర్కీలో దొరికింది, ప్రాచీన ట్రాయ్ దగ్గర్లో," అందావిడ.

"మేం వచ్చింది కూడా ట్రాయ్ నుంచే," అన్నారు అంకుల్ ఇంగ్లిష్‌లో, చాలా గంభీరంగా. మార్గరెట్ నవ్వింది. ఆయన నావైపు తిరిగి, "చూశావా, అక్కడ చక్రవర్తి కూర్చుని క్యాలెండర్ వేశాడు. ఇక్కడ ఉగాదికి మన మూడు తెలుగు సంఘాలూ ఒకే శనివారం హాల్ బుక్ చేస్తాయి," అన్నారు.

ఆ ధైర్యంతో ఆయనే అసలు ప్రశ్న అడిగారు. సంఘంలో ఉన్నవాళ్ళంతా నటులేనా?

"కాదు కాదు. విషాద నాటకాల నటులు, హాస్య నటులు ఉన్నారు. వేణువు లాంటి వాద్యం ఊదేవాళ్ళు, తంత్రీవాద్యం మీటుతూ పాడేవాళ్ళు, కవులు ఉన్నారు. బూర ఊదేవాడు, పేర్లు చాటే దండోరా మనిషి కూడా ఉన్నారు. రోమన్ల కంటే ముందు ఈజిప్టులోని ఒక శాఖవాళ్ళు చెక్కించిన సభ్యుల జాబితాలో ముఖాలకు పెట్టుకునే మాస్కులు చేసేవాడి పేరు కూడా ఉంది," అంది మార్గరెట్.

"మాస్కులు చేసేవాడా? సభ్యుడిగానా?" అన్నారు అంకుల్.

"సభ్యుడిగానే. నటుల పేర్లున్న రాతి మీదే అతని పేరు."

నేను అంకుల్ ముఖం చూడకుండా, పెన్సిల్‌తో ఆ మాట రాసుకుంటున్నట్టు నటించాను. నటన నాకు బొత్తిగా రాదు.

చివరికి మార్గరెట్ రెండు గాజు పలకల మధ్య బిగించిన అసలు పపైరస్ ఒకటి తెచ్చింది. అరచేతికన్నా కొంచెం పెద్దది, టీ ఒలికిన రంగు. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి ఒప్పందం. ఈజిప్టులో ఒక గ్రామంలో ఉత్సవం చేస్తున్న ఒకావిడ, చిడతల లాంటి తాళాలు మోగిస్తూ ఆడే నర్తకిని, ఆమె జట్టును ఆరు రోజులకు పిలుస్తోంది. రోజుకు ఇంత కూలి, బార్లీ, రొట్టెలు. నర్తకులు తెచ్చుకున్న దుస్తులు, బంగారు నగలు ఉంటే వాటిని భద్రంగా కాపాడే పూచీ పిలిచినవాళ్ళదే. రావడానికి రెండు గాడిదలు పంపాలి, పోవడానికి కూడా రెండు.

"ఈ నర్తకి సంఘం సభ్యురాలేనా?" అని అడిగాను.

"కాదనే అనుకుంటాం. పెద్ద పోటీలకు వెళ్ళేవాళ్ళ సంఘం అది, అందులోనూ దాదాపు అందరూ మగవాళ్ళే. ఈవిడ ఊరూరా ఆడుకునే మనిషి. చక్రవర్తి ఉత్తరాలేవీ ఈవిడ దగ్గర ఉండవు. ఉన్నదల్లా ఈ కాగితమే."

ఆ గాజు పలక మీదకి చాలాసేపు వంగి ఉండిపోయాను. ఏ చక్రవర్తీ అండగా లేని ఆ మనిషి తన బట్టలకి, తన దారికి తనే మాట తీసుకుంది. సంతకాలకు ముందే అడిగింది. నేను టైప్ చేసి పంపించేశాక బాధపడుతున్నాను.

ఒంటిగంటన్నరకు బయటికొచ్చాం. ఆకలి దంచేస్తోంది. డెట్రాయిట్ చుట్టుపక్కల గ్రీకు కుటుంబాలు నడిపే చిన్న హోటళ్ళను కోనీ ఐలాండ్ అంటారు, వాటిలో ఒకదానికి వెళ్ళాం. ఇద్దరికీ కలిపి టిప్‌తో సహా ముప్పై రెండు డాలర్లు. అక్కడి నిమ్మరసం, అన్నం వేసిన చికెన్ సూప్ తప్పకుండా తాగండి. అంకుల్ మొదటి చెంచాకే, "పులిహోరని చారులో కలిపినట్టుందే! బాగుంది," అని ఇంకో గిన్నె చెప్పారు. వంట చేసే యజమానురాలు అరవై ఏళ్ళావిడ, సూప్ తనే తెచ్చి, ఎక్కడినుంచి వచ్చారని అడిగింది. ప్రాచీన గ్రీకు నటుల కాగితాలు చూసి వస్తున్నామని, తను కూడా నటుడినేనని అంకుల్ చెప్పారు.

"నటులా! అయితే ఒకటి వినిపించాలి. ఇప్పుడు రద్దీ కూడా లేదు," అంది.

ఆయన ఇంకోసారి అడిగించుకునే రకం కాదు. లేచి నిలబడి, నాప్కిన్‌తో మూతి తుడుచుకుని, సేనాపతి పద్యం అందుకున్నారు. ఆ గొంతు ఆ చిన్న గదికి చాలా ఎక్కువ. కౌంటర్ దగ్గర కాఫీ తాగుతున్న ఇద్దరూ స్టూళ్ళు తిప్పుకుని చూశారు. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదంలో రాగం గాలిలోకి లేచి, అక్కడే ఆగిపోయింది.

వాళ్ళు అదొక విరామమనుకున్నారు. నాకు తెలుసు. అంకుల్ కళ్ళు నన్ను వెతుక్కున్నాయి. అవి నటుడి కళ్ళు కావు, మెట్టు మీద కాలు జారిన పెద్దమనిషి కళ్ళు. నేను చెంచా కింద పెట్టకుండానే, పెదవులు పెద్దగా కదపకుండా, "ఏటిగాలికి," అన్నాను. ఆయన ఆ మాటను నా నోట్లోంచి తీసుకున్నట్టే తీసుకుని, పాదం పూర్తిచేసి, నాలుగోదాన్ని పైకప్పుకి కొట్టి వదిలారు. ఆవిడ గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆయన వంగి నమస్కారం పెట్టి కూర్చున్నారు.

కారు మళ్ళీ ఎం-14 ఎక్కింది. అప్పుడు ఆయనే అన్నారు, "పోయిన నాటకంలో నాకు ఎన్నిసార్లు మాట అందించావు?"

"పద్నాలుగు సార్లు అంకుల్."

"లెక్కపెట్టావా?"

"స్క్రిప్ట్ మీద టిక్ పెడతాను. మళ్ళీ రిహార్సల్‌లో అక్కడ జాగ్రత్తగా ఉండాలని."

"అంతకు ముందు?"

"ఆరు."

ఆయన కిటికీ వైపు తిరిగారు. నాకు ఇంకో సమయం దొరకదనిపించింది. "అంకుల్, ఒకటి చెప్తా, ఏమనుకోకండి. మీ రూల్ ప్రకారం నాకు ఓటు లేదు. సుభాషిణి ఆంటీకి లేదు. లైట్లు చూసే సలీమ్‌కి లేదు. ఆంటీ ఆదివారం రానంది," అన్నాను.

"నువ్వే కదమ్మా టైప్ చేశావు. అప్పుడు చెప్పలేదే!"

"తప్పే. అప్పుడే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తున్నా."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "మీమీద రాసింది కాదమ్మాయ్ అది. ఇదివరకు నేనున్న ఒక బృందంలో ఏం జరిగిందో తెలుసా? రిహార్సల్ మొహం చూడనివాళ్ళు మెంబర్‌షిప్‌లు తీసుకున్నారు. ఒక ఎలక్షన్‌తో బృందం వాళ్ళ చేతుల్లోకి పోయింది. తర్వాత నాటకం లేదు, సినిమా పాటల డాన్సులే. మళ్ళీ అలా కాకూడదని వేషం వేసినవాళ్ళకే అని రాశాను. తెర పక్కన ఎవరున్నారో నాకు తట్టలేదు. తట్టకపోవడమేంటి, నిన్ను చూడకుండా నేను ఒక్క పద్యం పూర్తి చేయలేను!"

"అయితే రిహార్సల్స్‌ని బట్టి పెట్టండి. ఏ పనైనా సరే, ఏడాదిలో సగం రిహార్సల్స్‌కి వచ్చినవాళ్ళకి ఓటు. రానివాళ్ళు వేషం వేసినా లేదు."

"వేషం వేసినా లేదా?" అని నావైపు చూశారు. చాలాసేపటికి మొదటిసారి నవ్వారు. "కిరణ్ గొడవ చేస్తాడు."

కిరణ్ మా హీరో. రిహార్సల్స్‌కి ఆఖరి వారంలో వస్తాడు. అనుకున్నట్టే ఆదివారం గొడవ చేశాడు. రాఘవరావు అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో, మధ్యాహ్నం రెండింటికి, అంకుల్ పాత నిబంధన తనే కొట్టేసి కొత్తది చదివారు. "అంకుల్, దిస్ ఈజ్ నాట్ ఫెయిర్. స్టేజ్ మీద రిస్క్ మాది. లైన్ మరిచిపోతే పరువు పోయేది మాకు," అన్నాడు కిరణ్.

"నేను పద్యాలు మరిచిపోతున్నానురా," అన్నారు అంకుల్. "పోయిన నాటకంలో పద్నాలుగు సార్లు మరిచిపోయాను. మీలో ఒక్కరికైనా తెలిసిందా? నా పరువు పోయిందా? ఎందుకు పోలేదో ఆ అమ్మాయిని అడగండి. ఇక ఎవరూ వంక పెట్టకుండా ఇప్పుడు వేషాలు వేసేవాళ్ళ చేతులే లెక్కపెడదాం."

అందుకని నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. వేషాలు వేసేవాళ్ళు పదకొండు మంది. ఎనిమిది చేతులు లేచాయి. కిరణ్‌ది లేవలేదు, కానీ వచ్చే రిహార్సల్ ఎప్పుడని వెళ్తూ వెళ్తూ అడిగాడు. సుభాషిణి ఆంటీ నా పక్క కుర్చీలోనే ఉంది. శనివారం అంకుల్ స్వయంగా ఆవిడ ఇంటికి వెళ్ళి పిలిచారట. ఏమన్నారని అడిగితే, "సారీ అని ఒక్కమాట అన్నారు, మిగతాదంతా ఏదో మాస్కుల మనిషి కథ," అంది.

ఆ ప్రాచీన సంఘాన్ని నేను పొగడటానికి రాయడం లేదు. వాళ్ళు చక్రవర్తుల దగ్గర సంపాదించుకున్న రక్షణ మామూలుది కాదు, అయినా వాళ్ళ తలుపు అందరికీ తెరుచుకోలేదు. కానీ కళ ఒక్కరి గొంతుతో నడవదని వాళ్ళకి తెలుసు, అందుకే బూర ఊదేవాడిని, దండోరా వేసేవాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఆ రోజు నేర్చుకున్నది వాళ్ళ దగ్గర కంటే ఎక్కువగా రెండు గాడిదలు అడిగిన నర్తకి దగ్గర. ఎవరో మనల్ని గమనించి గౌరవిస్తారని తొమ్మిదేళ్ళు ఎదురుచూడటంలో గొప్పతనమేమీ లేదు. మన పనికి ఏం కావాలో మనకే బాగా తెలుసు కాబట్టి, సంతకం కాకముందే చెప్పడం కూడా మన పనిలో భాగమే. చెప్పాక తెలిసింది, ఎదుటిమనిషి నేను భయపడినంత దూరంలో లేడని.

మీరూ ఇలాంటి చోటికి వెళ్ళాలనుకుంటే ఒక సలహా. రెండు వారాల ముందే రాసి, ఏం చూడాలనుకుంటున్నారో స్పష్టంగా చెప్పండి. సంఘంలో ఉన్నవాళ్ళ కాగితాలే కాదు, లేనివాళ్ళవి కూడా చూపించమని అడగండి. అవి ఉంటాయి, కానీ అడిగితేనే బయటికి తీస్తారు.